తొంభై తొమ్మిదిన్నర

ఆదివారం మధ్యాహ్నం టొలీడోలోని అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో లెమ్యూల్ పెట్‌వేని నలుగురు భుజాల మీదికి ఎత్తుకున్న చోట కథ ఆపాం. అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని, బంతి ఇంకా చేతిలో ఉండగానే, లెమ్ నేలమీద పడగొట్టాడు. దాన్నే సాక్ అంటారు. స్కోరు బోర్డు మీద వంద అంకె వెలిగింది. పదకొండేళ్లలో వంద సాక్‌లు. స్టోకర్స్ జట్టులో అంతవరకు ఎవడూ చూడని అంకె అది. ఆట ముగిశాక లెమ్ మైకు అందుకుని, "నా భార్యకి మాటిచ్చాను. వంద అయిన రోజున ఇంటికొచ్చేస్తానన్నాను. వచ్చేస్తున్నాను" అన్నాడు. గ్యాలరీలో రెనీటా రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఆ మాట వెనక కథ కొత్తగా చేరినవారి కోసం రెండు ముక్కల్లో. మూడేళ్ల కిందట లెమ్ మెడకు ఆపరేషన్ అయింది. ఇంకొక్క దెబ్బ తగలరాని చోట తగిలితే ఎడమ చెయ్యి మళ్లీ లేవదని డాక్టరు తేల్చి చెప్పాడు. రెనీటా మానెయ్యమంది. అప్పటికి లెక్క ఎనభై రెండు దగ్గర ఉంది. "వంద కానియ్యి, ఆ మర్నాడు నన్ను మైదానంలో చూస్తే అడుగు" అని బేరం పెట్టాడు లెమ్. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు మూడేళ్లుగా ప్రతి ఆదివారం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. ఇప్పుడా వంద అయింది. సీజన్‌లో ఇంకా మూడు ఆటలున్నా, రెండు గెలిస్తే జట్టు చివరి రౌండ్లయిన ప్లేఆఫ్స్‌కు వెళ్లే వీలున్నా, లెమ్ మాట మీద నిలబడ్డాడు. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు జట్టు ఆఫీసులో రిటైర్మెంటు కాగితం మీద సంతకం పెట్టాలి.

అయితే ఈ ఆటలో ఒక తిరకాసు ఉంది. క్వార్టర్‌బ్యాక్‌ని ఇద్దరు కలిసి పడగొడితే ఆ సాక్ చెరిసగం. సగం పెళ్లి, సగం గుండు లోకంలో ఎక్కడా చెల్లవు గాని, ఇక్కడ సగం సాక్ మాత్రం భేషుగ్గా చెల్లుతుంది. పైగా ఆదివారం లెక్క ఆదివారంతో తేలిపోదు. లీగ్ లెక్కలవాళ్లు ఫిల్మ్ తిరగేసి, బుధవారం పొద్దున సవరణలు వదులుతారు. పదకొండేళ్లు ఆడినవాడికి ఇది తెలియని సంగతా? తెలుసు. తెలిసి కూడా బుధవారం దాకా ఆగకుండా మైకు ముందు నోరు జారాడు.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి సన్నగా మంచు పడుతోంది. జట్టు శిక్షణ కేంద్రానికి వెళ్లే దారిలో ఒక ఇనపసామాను కొట్టు ఉంది. దాని ముందు అక్షరాలు అమర్చే బోర్డు మీద సోమవారం నుంచి "100! థాంక్యూ లెమ్!" అని ఉంటోంది. ఈరోజు కొట్టు యజమాని నిచ్చెన వేసుకుని సున్నాలు ఊడదీస్తున్నాడు. లెమ్ కారు ఆపి అద్దం దించాడు.

"ఏంటయ్యా, అప్పుడే మోజు తీరిపోయిందా?"

నిచ్చెన మీది మనిషి ముఖం మాడిపోయింది. "రేడియో పెట్టలేదా లెమ్?"

"లేదు. ఏమైంది?"

"నా నోటితో చెప్పించకు బాబూ."

"చెప్పు."

"సగం తీసేశారంట. ఆ సగం మీ ఇసాకోకి ఇచ్చారంట. నీది తొంభై తొమ్మిదిన్నర." అతను చేతిలోని డబ్బా చూపించాడు. "నా దగ్గర అంకెలన్నీ ఉన్నాయి గాని అర గుర్తు లేదు. తొంభై తొమ్మిది పెడితే నీకు అన్యాయం, వంద ఉంచితే అబద్ధం. పోనీ 'థాంక్యూ లెమ్' ఒక్కటే ఉంచెయ్యనా?"

"నీ ఇష్టం" అని లెమ్ అద్దం ఎత్తేశాడు.

రేడియో పెట్టాడు. ఇద్దరు మగవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. "వంద అయితే ఇంటికెళ్తా అన్నాడుగా? ఇప్పుడేం చేస్తాడు? నడుం దాకా ఇంటికి పంపి, కాళ్లు మాత్రం ఆదివారం ఆటకి తెస్తాడా?" లెమ్ రేడియో కట్టేశాడు. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది.

స్టోకర్స్ డిఫెన్స్ గదిలో ఒక ఆచారం ఉంది. సాక్ పడిన ప్రతిసారీ చీలమండకు చుట్టుకునే తెల్ల టేపు ముక్క ఒకటి లాకరు తలుపు మీద అంటిస్తారు. ఎవరిది వాళ్లు అంటించుకోకూడదు, పక్కవాడే అంటించాలి. సగం సాక్ అయితే సగం ముక్క. లెమ్ తలుపు మీద పదేసి చొప్పున పది వరసలు ఉండాలి. ఆఖరి వరసలో ఆఖరి ముక్కని ఎవరో కత్తెరతో నీటుగా సగానికి కోసి ఉంచారు. మిగిలిన సగం మూడు లాకర్ల అవతల ఇసాకో తలుపు మీద ఉంది.

ఇసాకో తువాలా జట్టు మధ్యలో నిలబడే సమోవా మనిషి. నూట నలభై కిలోల బరువు, నలుగురు పిల్లలు, ఏడు సీజన్లుగా లెమ్ భుజానికి భుజం. లెమ్‌ని చూడగానే బెంచీ మీంచి లేచాడు.

"అన్నా, ఆగు. ముందు నా మాట విను."

"ఏం వినాలి? సగం కావాల్సొస్తే నన్నే అడగొచ్చుగా. రెండిచ్చేవాణ్ణి. దొంగచాటుగా ఎందుకు?"

"నాకొద్దు బాబూ నీ సగం! మా అమ్మ మీద ఒట్టు. ఆదివారం నిన్ను ఎత్తుకుందెవరు? నేనే కదా. కావాలనుకుంటే అప్పుడే కింద పడేసేవాణ్ణి." ఇసాకో తన తలుపు మీది సగం ముక్కని గోటితో పీకి, లెమ్ తలుపు మీద అంటించబోయాడు. అది అంటుకోలేదు, రెండుసార్లు రాలి పడింది. మూడోసారి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నేనొక్క మాట కూడా అనలేదన్నా. అసలు ఆ సంగతే మర్చిపోయాను."

"మర్చిపోయావా? అంటే నీ చెయ్యి ఉంది!"

ఇసాకో తల దించుకున్నాడు. "ఉంది. వాడి తొడ పట్టుకున్నాను. అయితే ఏంటి? అంత వీపు నువ్వు అడ్డం ఉండగా టీవీలో నేనెక్కడ కనిపిస్తాను? ఎవరికీ కనిపించలేదు." జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. నోటీసు బోర్డు మీంచి పీక్కొచ్చిన లీగ్ ఉత్తర్వు అది. "ఇది చదువు, తరవాత నన్ను తిట్టు."

లెమ్ చదివాడు. మామూలు నాలుగు వాక్యాలే. రెండో వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. స్టోకర్స్ జట్టు విన్నపం మేరకు, జట్టు పంపిన వెనకవైపు ఎత్తు కెమెరా దృశ్యాన్ని పరిశీలించి, అని ఉంది.

"మనవాళ్లే పంపారా?"

"అదే కదా నేను మొత్తుకునేది."

వెనకవైపు ఎత్తు కెమెరా టీవీవాళ్లది కాదు. గోలు వెనక స్తంభం మీంచి జట్టువాళ్లు తమ పాఠాల కోసం తీసుకునే ఫిల్మ్ అది, కోచ్‌ల గదుల్లోకి తప్ప ఎక్కడికీ పోదు. అందులోనూ డిఫెన్స్ ముందు వరస ఫిల్మ్ ఒక్క మనిషి చేతి మీదుగానే నడుస్తుంది. ఆ మనిషి ముందు వరస కోచ్ గస్ మోల్నార్. ఊరూపేరూ లేని కాలేజీలో, ఎవరూ ఏరుకోకుండా వదిలేసిన లెమ్‌ని పదకొండేళ్ల కిందట ఈ జట్టులోకి తెచ్చినవాడు. లెమ్ పెళ్లి నాడు కారు నడిపినవాడు.

గస్ మీటింగులో ఉన్నాడన్నారు. లెమ్ గది బయట కుర్చీలో కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లు అతన్ని చూసి జోడు లేసులు సర్దుకోవడం మొదలుపెట్టేవారు. ఒకడైనా ఆగి "ఏమన్నా" అనలేదు. పన్నెండయింది, ఒంటిగంట అయింది. అంతసేపు ఒక మనిషి కోసం కాచుకు కూర్చోవడం లెమ్‌కి అలవాటు లేని పని. అతని ఉద్యోగమంతా రెండున్నర సెకన్లలో తేలిపోయేది. చివరికి ఒంటిగంటన్నరకు తలుపు తెరుచుకుని మీటింగువాళ్లు బయటికి వచ్చారు.

గస్ ఫిల్మ్ గదిలో ఒక్కడే ఉన్నాడు, ఒళ్లో డబ్బా పెట్టుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న పాప్రికాష్ కూర తింటున్నాడు. అరవై మూడేళ్ల మనిషి, రెండు తుంటి ఎముకలూ స్టీలువి.

"తలుపేసి రా. చలి."

"మీరేనా పంపింది?"

గస్ నమలడం ఆపలేదు. "నేనే."

అబద్ధం చెబుతాడని, ఆ అబద్ధం మీద అరవాలని సిద్ధపడి వచ్చాడు లెమ్. నిజం వినేసరికి ఆ అరుపుకి పనే లేకుండా పోయింది.

"ఎందుకు?"

"కూర్చో. చూద్దాం."

తెర మీద ఆదివారం కదిలింది. లెమ్ బయటి నుంచి చుట్టి వస్తున్నాడు. క్వార్టర్‌బ్యాక్ వంగుతున్నాడు. గస్ ఫిల్మ్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వదిలాడు. ఆరోసారి కాస్త నెమ్మదిగా వదిలాడు.

"ఎవరి చెయ్యి అది?"

"ఇసాకోది."

"క్వార్టర్‌బ్యాక్ మోకాలు నేలకి తగిలిందా?"

లెమ్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు.

"నిన్నే, పెట్‌వే."

"తగిలింది."

"అప్పటికి నీ బరువు పడిందా?"

"పడుతోంది."

"పడుతోంది. ఇద్దరూ కలిసి. అంటే చెరిసగం. ఈ గదిలో పదకొండేళ్లుగా నేను చెప్తూ వచ్చింది అదేగా, కనిపించింది చెప్పమని."

తీసేసింది అన్యాయంగా తీసేసి ఉంటే లెమ్ తిట్టుకునైనా చల్లబడేవాడు. ఇది న్యాయమే. తెర మీద నల్లటి చెయ్యి తెల్లటి తొడ చుట్టూ స్పష్టంగా కనిపిస్తోంది. వెయ్యిసార్లు తిప్పినా అది అక్కడే ఉంటుంది.

"అయితే న్యాయం కోసం పంపారన్నమాట."

గస్ డబ్బా మూత పెట్టాడు. "కాదు."

"మరి?"

"సోమవారం నీ కాళ్లావేళ్లా పడ్డాను. మూడు వారాలు ఆగరా అన్నాను. వంద అయిపోయింది కోచ్, మాటంటే మాటే అన్నావు. సరే అనుకుని వచ్చి ఈ ఫిల్మ్ పెట్టుకున్నాను, చివరిసారి నిన్ను చూసుకుందామని. ఈ చెయ్యి కనిపించింది." గస్ తెర వైపే చూస్తూ అన్నాడు. "వంద అయితే నువ్వు ఇంటికి పోతావు. తొంభై తొమ్మిదిన్నర దగ్గర పోవు. నీ సంగతి నాకు తెలుసు."

"నా మెడ సంగతీ తెలుసు మీకు."

"తెలుసు."

"ఆదివారం ఆ దెబ్బకి ఏమైందో తెలీదు మీకు. ఎవరికీ తెలీదు. రెనీటాకి కూడా చెప్పలేదు."

"ఎడమ చెయ్యి కాసేపు చచ్చుబడింది" అన్నాడు గస్. "జనానికి కుడి చెయ్యే ఊపావు. ఫోటోలన్నిట్లో ఒంటి చెయ్యే. ఇంకెవడూ కనిపెట్టలేదు, నేను చూశాను."

ఇంతసేపూ లెమ్ మనసులో ఒక మూల, పాపం ముసలాయనకి తెలీదులే అనుకుంటూ వచ్చాడు.

"చూసి కూడా పంపారా?"

"చూసి కూడా పంపాను."

"రెనీటా ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ మీకు చిలగడదుంపల తీపి రొట్టె చేసి పంపుతుంది కోచ్. ఈ ఏడాది రెండు పంపింది."

"బాగున్నాయి" అన్నాడు గస్. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం లెమ్ ముఖంలోకి చూడలేకపోయాడు. "ప్లేఆఫ్స్‌కి వెళ్లకపోతే జనవరిలో మా అందర్నీ పీకేస్తారు. హెడ్ కోచ్‌కి ఇంకో జట్టు దొరుకుతుంది. నాకెవడిస్తాడ్రా? ఈ వయసులో, ఈ కాళ్లతో, నాకో గది, నాకో తెర ఎవడిస్తాడు? ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? గోడ మీద ఫిల్మ్ ఊహించుకుంటూ కూర్చోనా?"

"అందుకని నా చెయ్యి కావాలా మీకు?"

"ఆట మొత్తమ్మీద పదిసార్లు దింపుతా, అంతే. కుడివైపే నిలబెడతా, ఎడమ భుజం కాపాడుకుందువుగాని. ఒక్క సగం కొట్టు, వెళ్లిపో. నేనే కారులో ఇంటి దగ్గర దింపుతా."

"సగం కొట్టడానికి ఎంత దెబ్బ తగలాలో సగం లెక్కన చెప్తారా మీరు? దెబ్బ సగమే తగులుతుందా?"

"అవతలి జట్టు ఎడమ కొస కాపలావాడికి నిన్న చీలమండ బెణికింది. ఆదివారం వేరేవాణ్ణి దింపుతున్నారు. ఆ కొత్తవాడు బరువంతా మడమల మీదే వేసుకుంటాడు."

"నాకు చెప్పకండి."

"బయటికి రెండడుగులేసి, ఒక్కసారి లోపలికి కోస్తే..."

"చెప్పొద్దంటున్నానా!" లెమ్ బల్ల మీద కొట్టాడు. పాప్రికాష్ డబ్బా ఎగిరి కింద పడింది. గస్ వంగలేడు కాబట్టి వంగలేదు. లెమ్ వంగి తీసి బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ల అలవాటు అది. కోపంలో కూడా చెయ్యి ఆగలేదు, దాంతో తన మీద తనకే చిరాకేసింది.

"తొంభై తొమ్మిదిన్నర చాలు నాకు. పైకెళ్లి సంతకం పెడుతున్నా. మీ గది, మీ తెర మీరే చూసుకోండి."

"వెళ్లు. నిన్ను పట్టుకుని ఆపడానికి నా కాళ్లకి ఓపిక ఎక్కడిది?"

గస్ మళ్లీ ఫిల్మ్ తిప్పుకుంటున్నాడు. బయటికి వచ్చాక కూడా ఆ టకటక శబ్దం లెమ్ వెంట వచ్చింది.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లెమ్ రెండేసి మెట్లు ఎక్కాడు. కోపంతో ఎక్కుతున్నంతసేపు బాగానే ఉంది. మొదటి మలుపు దగ్గర కిటికీ ఉంది. కిటికీ అవతల మంచులో జట్టంతా సాధన చేస్తోంది. కుడి కొసన, పదకొండేళ్లుగా తాను నిలబడే చోట, ఎవరూ నిలబడలేదు. ఆ చోటు వదిలేసి మిగతావాళ్లు ఆడుతున్నారు. ఇసాకో మధ్యలో నిలబడి, అలవాటు కొద్దీ, కుడివైపు తిరిగి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

లెమ్ కిటికీకి నుదురు ఆనించాడు. సంతకం పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. చెయ్యి ఉంటుంది. రెనీటా ఆదివారాలు నిద్రపోతుంది. ఇరవై ఏళ్ల తరవాత ఎవరో అడుగుతారు, ఎన్ని కొట్టావయ్యా అని. తొంభై తొమ్మిదిన్నర అని చెబుతాడు. వాళ్లు నవ్వుతారు. ఎప్పటికీ ఆ అర గురించే అడుగుతారు, మిగతా తొంభై తొమ్మిదీ ఎవరికీ అక్కర్లేదు. అంత కష్టపడి ఒక నవ్వులాట మిగుల్చుకోవడమా? చెరో సగం చేసే ఈ పాపిష్టి లెక్క కనిపెట్టినవాణ్ణి మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. గస్‌ని తిట్టుకున్నాడు. వంద అని బేరం పెట్టిన తన నోటిని తిట్టుకున్నాడు. ఎనభై రెండు దగ్గరే సరే అని ఉంటే ఈపాటికి మూడేళ్లు హాయిగా గడిచేవి కదా!

అప్పుడు తన కాళ్లు చూసుకున్నాడు. మెట్ల మలుపులో, తనకు తెలియకుండానే, బయటికి రెండడుగులు వేసి లోపలికి ఒకటి కోస్తున్నాడు. మళ్లీ బయటికి రెండు, లోపలికి ఒకటి. ఎంతసేపట్నుంచి అలా చేస్తున్నాడో తెలీదు. నేల మీద జోళ్ల తడి గుర్తులు గుంపుగా పడి ఉన్నాయి.

ముసలాయన తనని ఆపడానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. లెమ్‌కి ఏడుపొచ్చింది.

జేబులో ఫోను మోగింది. రెనీటా. గోడ మీద గడియారం రెండుంబావు చూపిస్తోంది.

"అయిందా లెమ్?"

"ఆఁ."

"సంతకం పెట్టేశావా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. కిందనున్న గదిలోంచి ఫిల్మ్ వెనక్కి తిరుగుతున్న చప్పుడు, కిటికీ అవతల ఖాళీగా ఉన్న ఆ కుడి కొస. ఆదివారానికి నాలుగే రోజులు. ఒక్క సగం. ఆ తరవాత జీవితంలో ఇంకొక్క అబద్ధం చెప్పక్కర్లేదు.

"పెట్టేశాను."

"రేడియోలో ఏదో సగం గొడవ చెప్తున్నారు."

"అవన్నీ మనకెందుకు ఇప్పుడు. అయిపోయింది."

"నిజంగా అయిపోయిందా?"

"నిజంగా. నువ్వు స్కూల్లోనే ఉన్నావా? సాయంత్రం వచ్చేటప్పుడు ఏమన్నా తీసుకురానా?"

"స్కూలుకి సెలవు పెట్టాను" అంది రెనీటా. గొంతు పెంచలేదు. "నువ్వు సంతకం పెట్టేటప్పుడు పక్కనుందామని వచ్చాను. ఒంటిగంట నుంచి ఈ ఆఫీసులోనే కూర్చున్నాను, లెమ్. కాగితం నా చేతిలోనే ఉంది."

పై అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఇప్పుడామె గొంతు ఫోనులోనూ, మెట్ల మీద నుంచీ ఒకేసారి వినిపించింది.

"నువ్వు దేని మీద పెట్టావు?"